తరుగుకు చెంబెడు నీళ్లు

ఆ వేసవిలో మా ఊళ్లో ఎండిన జీడిపిక్కల కంటే నా నోరే ఎక్కువ మోగింది. ఒప్పుకుంటున్నాను. పదిహేడు ఇళ్ల గుమ్మాలెక్కి, దిగి, మళ్లీ ఎక్కి, వద్దన్నవాళ్ల చేత సరే అనిపించేదాకా వదల్లేదు. ఓట్లకు తిరిగేవాళ్లు కూడా ఇంతలా తిరగరని మా అత్త కాసులమ్మ దెప్పేది. నేను తిరిగింది మా ఆయన కోసం. ఆ మాట ఆమెకూ తెలుసు.

మా ఆయన యువరాజు తిత్లీ తుఫాను తర్వాత పోర్టుబ్లెయిర్ వెళ్లి నాలుగేళ్లు తాపీ పని చేశాడు. తోటలో నిలబడ్డ చెట్టంటూ లేకపోయాక ఇక్కడ ఉండి ఏం తింటాం? ఆయన తిరిగొచ్చిన రోజున మా పావని, రోజూ ఫోన్లో నాన్నా నాన్నా అని కబుర్లు చెప్పే పిల్ల, మనిషి ఎదురుగా నిలబడేసరికి నా చీర వెనక దాక్కుంది. ఆయన నవ్వేశాడు గానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నేను చూశాను.

తుఫాను తర్వాత నాటిన జీడిమొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. ఎకరంన్నర జీడి, గట్టున పది పన్నెండు కొబ్బరి చెట్లు, తిండికి సరిపోయీ సరిపోని వరి. అదీ మా ఆస్తి. ఫిబ్రవరిలో చెట్లు పూత మీద ఉండగా ఆయన ఒక మాట చెప్పాడు. ఈ ఒక్క కాపూ చూస్తాను, ఇది కూడా ఎప్పటిలాగే చేతికొచ్చి చేతిలోనే అయిపోతే మే నెలాఖరుకి విశాఖలో మళ్లీ అండమాన్ ఓడ ఎక్కేస్తాను అని. అరిచి చెప్పలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి గెలిచేదాన్ని.

చేతిలోనే అయిపోవడమంటే ఏమిటో మా ఉద్దానం ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బారువ నుంచి ఎండుచేపలు తెచ్చే మనిషి గుమ్మంలో గంప దించితే ఒక డబ్బా పిక్కలు. కొట్లో సబ్బుకి రెండు దోసిళ్లు. పిల్ల ఐసు అడిగితే ఒక గుప్పెడు. బస్తా నిండేలోపే సగం బస్తా ఊరి మీదకు పోయేది. మిగిలింది తిరుపతిరావు మావకి.

తిరుపతిరావు మా అత్తకు సొంత తమ్ముడు, మా ఆయనకు మేనమామ. చుట్టుపక్కల నాలుగూళ్ల పిక్కలూ కొని పలాస ఫ్యాక్టరీలకు తోలేవాడు. చెడ్డవాడని అనను. తుఫాను ఏడు మా ఇంటికి బియ్యం మోసింది ఆయనే. కాకపోతే ఎనభై కేజీల బస్తాకు మూడు కేజీలు తరుగు తీసేవాడు. పిక్కలో తేమ ఉంటుంది, అది నా దగ్గరికొచ్చాక ఎండి తగ్గుతుంది, ఆ తగ్గేది నేనెందుకు భరించాలి అనేవాడు. దానికి విరుగుడు మా ఊరి ఆడవాళ్ల దగ్గర ఎప్పట్నుంచో ఉంది. తూకం ముందురోజు బస్తా మూతి విప్పి, చెంబులో జీడాకుల రెమ్మ ముంచి, నీళ్లన్నీ అయిపోయేదాకా పిక్కల మీద చల్లి, మళ్లీ కుట్టేయడమే. ఆయనకూ తెలుసు. ఆయన తరుగు తీస్తాడని వీళ్లు చల్లేవాళ్లు, వీళ్లు చల్లుతారని ఆయన తీసేవాడు. ఎవరు ముందు మొదలుపెట్టారో మా అత్త అత్తగారికి కూడా తెలిసి ఉండదు.

ఇలా ఉండగా టెక్కలి నుంచి మాధవీలత అనే అమ్మాయి స్కూటీ వేసుకుని మా ఊరు రావడం మొదలుపెట్టింది. చిన్న రైతుల సరుకు ఒకచోట చేర్చి అమ్మిపెట్టే సంఘంలో ఉద్యోగం. మా ఊరికీ సుమ్మాదేవి స్టేషనుకీ మధ్య నారాయణమూర్తి మాస్టారికి ఒక పాత కొబ్బరిపీచు షెడ్డు ఉంది. అందులో మమ్మల్ని కూర్చోబెట్టి, తేమ కొలిచే మీటరు ఒకటి చూపించి, విషయం నిదానంగా చెప్పింది. పలాసలో ఒక ఫ్యాక్టరీ మా పిక్కలు నేరుగా కొంటానంది. బాగా ఎండబెట్టి, పుచ్చులు ఏరి, అందరివీ కలిపి ఒకే లోడుగా ఇస్తే మావ ఇచ్చే ధర మీద బస్తాకు రెండు వేలు ఎక్కువ. తరుగు లేదు. కానీ లోడులో ఒక్క బస్తా తడిదని తేలినా లారీ మొత్తం వెనక్కి వస్తుంది, మళ్లీ ఈ ఊరివైపు చూడరు.

మా అత్త అప్పటిదాకా నోరెత్తలేదు. చివర్లో లేచింది.

"తరుగు నేకండా ఎవులు కొంతారమ్మా? ఆల్లకేటి పిచ్చా?"

"ఎండిన సరుక్కి తరుగెందుకు పెద్దమ్మా," అని మాధవీలత నవ్వింది. అత్త నవ్వలేదు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే నములుతూ నడిచింది.

మార్చి నుంచి నేను కొత్త మనిషినైపోయాను. చేపల మనిషిని గుమ్మంలోంచే పంపేశాను. పచ్చివి తెంపొద్దు, రాలినవే ఏరాలి, పండు నుంచి పిక్క మెలితిప్పి తియ్యాలి, టార్పాలిన్ మీద మూడు ఎండలు పడాలి, గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపితే గలగలమనాలి. మా ఇంటితో కలిపి పద్దెనిమిదిళ్లలోనూ ఇదే పాట. ఎవరింట్లో ఎండబెట్టారో, ఎవరింట్లో ఎగ్గొట్టారో పొద్దున్నే వెళ్లి చూసేదాన్ని. ఊళ్లో నాకు ఇన్స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

మొదటి బస్తా ఎండబెట్టి తిరిగి తూచిన రోజున మా అత్త కాటా దగ్గరే నిలబడింది. ఎనభై పెట్టిన బస్తా డెబ్భైనాలుగు చూపించింది. 

"నడుం పడిపోయేలాగ ఏరినాను. ఆరు కేజీలు ఎవులికిచ్చినావే?" అని అడిగింది.

"ఎండకిచ్చినాను. నీకు తెల్దు, ఊరుకో అత్తా," అన్నాను.

ఆమె నిజంగానే ఊరుకుంది. పచ్చివాటికి ఒక ధర, ఎండినవాటికి ఇంకో ధర, ఆ ఆరు కేజీలూ ఎక్కడికీ పోవు, ధరలో తిరిగొస్తాయి అని పదిహేడిళ్లలో వేళ్లు మడిచి మరీ చెప్పినదాన్ని. సొంత ఇంట్లో, మూడు ఎండలూ కాకుల్ని తోలుతూ కూర్చున్న మనిషికి మాత్రం చెప్పలేదు. ఇంట్లోవాళ్లకి చెప్పేదేముందిలే అనుకున్నాను. ఆ నిర్లక్ష్యానికి ఎంత ఖరీదు పడిందో ముందుంది.

ఏప్రిల్ ముగిసేసరికి షెడ్డులో బస్తాలు చెక్కల మీద వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి బస్తాకూ ఇంటిపేరు రాసిన అట్టముక్క. మావి ఆరు. మా పక్కింటి రమణివి రెండు. రమణి భర్త పోయి మూడేళ్లయింది. ఇద్దరు చిన్నపిల్లలతో ముప్పావెకరం తోట ఒక్కతే చేసుకుంటుంది. నన్ను అక్కా అనీ, మా అత్తను అత్తా అనీ పిలుస్తుంది. చుట్టరికం లేదు, అలవాటు. లోపలికి వచ్చిన ప్రతి బస్తానూ నేనే మీటరు పెట్టి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. లారీ మే నెల మొదటి శనివారం వస్తుందన్నారు. అప్పటిదాకా ఇంటికొకరు వంతులేసుకుని షెడ్డుకి కాపలా.

శనివారం పొద్దున్న, లారీ రావడానికి ఇంకా మూడు గంటలుందనగా, ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూద్దామనుకున్నాను. రెండో వరసలో రమణి బస్తా మూతి విప్పి చేయి మోచేతిదాకా దించాను. ఎండిన పిక్కల్లో చేయి పెడితే వేసవిలో కూడా వేడి తగలదు, తడి చేరితేనే బస్తా లోపల ఉడుకు పుడుతుంది. ఈ బస్తా లోపల మాత్రం అప్పుడే మనిషి లేచిన పక్కలాగా వెచ్చగా ఉంది.  మీటరు పెడితే తొమ్మిది దాటకూడని అంకె పన్నెండున్నర చూపించింది. రెండో బస్తా కూడా అంతే.

బయట పద్దెనిమిదిళ్లవాళ్లూ చేరి ఉన్నారు. నేను ఆలోచించలేదు. ఆలోచించే అలవాటు ఉంటే నాకు ఇన్స్పెక్టరమ్మ పేరే వచ్చేది కాదు. గుమ్మంలో నిలబడే అడిగాను.

"రమణీ, నీ రెండు బస్తాల కోసం ఇంతమంది నోట్లో మట్టి కొడతావేటే?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. "నా పిల్లల మీద ఒట్టు అక్కా. నాను నీల్లు ముట్టనేదు," అంది.

"ఒట్లు సాలు. ఒంటరిదాన్ని, ఏటి సేసినా జాలిపడి వొగ్గేత్తారనుకున్నావు గావాల."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవరూ నన్ను ఆపలేదు. మాధవీలత ఒక్కతే నా భుజం మీద చేయి వేసి, మిగతా బస్తాలన్నీ చూసి రమ్మని మెల్లిగా చెప్పింది. రమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వేపచెట్టు వైపు తిరిగిపోయింది.

లోపలికి వెళ్లి ఒక్కొక్కటీ విప్పాను. మొదటి వరస బాగుంది. రెండో వరస, మూడో వరస బాగున్నాయి. మావి గోడవారగా వెనక ఉన్నాయి. వాటిని చూడాలని నాకు నిజంగా తోచలేదు. నా చేతులతో ఎండబెట్టినవి, చూసేదేముంది? వరస పూర్తి చెయ్యాలి కాబట్టి చేయి పెట్టాను.

వెచ్చగా ఉంది.

పక్కది విప్పాను. అదీ అంతే. ఆరూ విప్పాను. ఆరో బస్తా మూతి దగ్గర, కుట్టులో ఇరుక్కుని, వాడిపోయిన జీడాకు ఒకటి కనిపించింది. నిన్న మధ్యాహ్నం కాపలా వంతు మా ఇంటిది. అత్త వెళ్లింది. వెళ్లేటప్పుడు దాహానికని ఇత్తడి చెంబు పట్టుకెళ్లింది. నేనే అందించాను. ఆ బస్తా మీదే కూర్చుండిపోయాను.

మా ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. నా ముఖం చూశాడు, విప్పి ఉన్న మూతులు చూశాడు, ఒక బస్తాలో చేయి పెట్టాడు. ఇంకేమీ అడగలేదు. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఈ ఆరూ నడిమికి ఎట్టేత్తాను. ఆల్లు పైన నాలుగు, ఓరన నాలుగు తీసి కోసి సూత్తారు. నడిమిలోకి ఎవుడూ సెయ్యెట్టడు."

"మరి రమణివి?"

"రమణివి బయటపడిపోనాయి గదా."

 ఆయన అప్పటికే ఒక బస్తా చెవులు పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే వంగి ఉండి అన్నాడు. "ఈ ఆరూ ఆగిపోతే నాను ఓడెక్కాలి కామాచ్చీ. నాకు సరదా అనుకుంటన్నావా?"

చెప్పొద్దూ, ఆయన అనకముందే ఆ ఆలోచన నాకు వచ్చింది. ఆరు బస్తాలు. వంద బస్తాల మధ్య ఆరు. పావని మళ్లీ ఫోన్లో నాన్నతో మాట్లాడాలి. ఆయన మళ్లీ పోర్టుబ్లెయిర్లో రేకుల గదిలో పదిమందితో పడుకోవాలి. ఇవన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. ఇవన్నీ తిరుగుతున్నా చెవుల్లో మాత్రం ఆ ఒంటరిదాన్ని అన్న మాటే ఉంది. అది నా గొంతే. బయట వేపచెట్టు కింద ఎవరో రమణికి నీళ్లు ఇస్తున్నారు, ఆమె వద్దంటోంది.

లేచి గుమ్మం దాకా వెళ్లాను.

"రమణీ, ఇలగ రా."

ఆమె రాలేదు. మళ్లీ పిలిచాను. మాస్టారు వెళ్లమన్నాక వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. మా ఆయన బస్తా వదిలేసి పక్కకు జరిగాడు.

"మా బస్తాలో సెయ్యెట్టు," అన్నాను.

పెట్టింది. అలాగే ఉంచింది. తల తిప్పి నా వైపు చూసింది. ఏదో ఒక తిట్టు తిట్టి ఉంటే నా ప్రాణం సుఖపడేది. తిట్టలేదు. చేయి తీసుకుని కొంగుతో తుడుచుకుంది. ఆమె వెనకాలే ఒకరూ ఇద్దరూ లోపలికి వచ్చారు. అందరి వెనక మా అత్త.

"దాన్నీ దీన్నీ అడగొద్దు. నానే సల్లినాను," అంది.

 అత్త తలొంచలేదు, ఏడవలేదు. ఎప్పుడూ పొయ్యి దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది.

"రేపు తూకమంటే ఇయ్యాల సల్లాల. నాను కాపరానికి వొచ్చిన కాడి నుంచీ అంతే. మనవి ఆరూ సల్లినాను. ఇది ఒక్కత్తీ. దీని బస్తాలకి ఎవులు సల్లుతారు? పాపం అని దీనివీ సల్లినాను. తరుగు తియ్యరని మీరంతా అన్నారు. కొనీవోడు తరుగు తియ్యకపోడమేటమ్మా, నాను నమ్మనేదు."

ఎవరో ఫక్కున నవ్వి వెంటనే ఆపేసుకున్నారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. ఇద్దరు ఆడవాళ్లు మాత్రం నేల చూపులు చూస్తున్నారు. వాళ్లు కూడా నిన్న చెంబులతోనే వచ్చారట. కాపలాగా కాసులమ్మ కూర్చుని ఉండటం చూసి, ఇన్స్పెక్టరమ్మ అత్తగారు కదా అని భయపడి వెనక్కి పోయారట. ఈ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది.

ఎనిమిది బస్తాలూ బయటికి వచ్చేశాయి. మా ఆయనే మోశాడు. నా వైపు చూడకుండా మోశాడు.

ఫ్యాక్టరీ మనిషి నాగరాజు లారీతో పాటే వచ్చాడు. ముప్పైయ్యేళ్లుంటాయి. నమస్కారం పెట్టి, పీట మీద కూర్చుని, చిన్న కత్తెర మిషను ముందు పెట్టుకుని, తనకు నచ్చిన బస్తాల్లోంచి గుప్పెడు గుప్పెడు తీయించాడు. పైవి నాలుగు, ఓరవి నాలుగు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, మధ్యలోంచి రెండు లాగమన్నాడు. మా ఆయన ముఖం నేను చూడలేదు. చూడ్డానికి ధైర్యం చాల్లేదు. నాగరాజు ఒక్కొక్క పిక్కా రెండు ముక్కలు కోసి, పప్పు తీసి, తెల్లవి ఒక పక్కకీ మచ్చలవి ఒక పక్కకీ వేస్తున్నాడు.  తెల్ల కుప్ప పెరుగుతోంది. అందరం నిలబడే ఉన్నాం, ఎవరికీ కూర్చోవాలని తోచలేదు.

అరగంట తర్వాత లేచి, ఎక్కించమన్నాడు. పోతూ పోతూ బయట విడిగా ఉన్న ఎనిమిది బస్తాల సంగతి అడిగాడు. మాధవీలత ఏదో సర్దబోయింది.

"తడిసినాయి. మావే," అన్నాను.

అతను తల ఊపి లారీ ఎక్కాడు. దారిలో ఫోన్ చేసి మాధవీలతను ఒకటే అడిగాడట, ఆ తడి బస్తాలు పక్కన పెట్టింది మీరా, ఆ రైతులేనా అని. రైతులేనని ఆమె చెప్పిందట.

ఊరందరి పిక్కలూ పలాస వెళ్లాయి. ఊరందర్నీ ఒప్పించిన ఇంటి పిక్కలు వేపచెట్టు కింద మిగిలాయి. ఇంటికి వచ్చాక మా ఆయన అటక మీంచి బ్యాగు దించి దుమ్ము దులిపాడు. నేను వద్దనలేదు. అనడానికి ముఖం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్నే రమణి ఇంటికి వెళ్లాను. తప్పయిపోయిందన్నాను, కోపంలో అనకూడని మాట అన్నానన్నాను. ఆమె వాకిలి ఊడుస్తూనే వింది. మా అత్త మీద ఆమెకు కోపం లేదు. ఆ సంగతి ఆమే చెప్పింది. నా సంగతి చెప్పలేదు. ఆ రోజు నుంచీ నన్ను అక్కా అని పిలవడం మానేసింది. అవసరం పడితే ఇదిగో అనేది, అంతే.

ఆ సాయంత్రం అత్త పక్కన కూర్చుని, పదిహేడిళ్లలో చెప్పింది మొదట్నుంచీ ఆమెకూ చెప్పాను. పచ్చివాటి ధర, ఎండినవాటి ధర, పోయిన ఆరు కేజీలూ ఎక్కడికి తిరిగొస్తాయో అన్నీ. ఆమె రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది. చివరికి, "ఈ మాట ఆ రోజే సెప్పుంటే నీ సొమ్మేటి పోనాది?" అని అడిగింది. 

తర్వాత మూడు రోజులూ ఎనిమిది బస్తాల పిక్కలూ మా వాకిట్లో పరిచి ఉన్నాయి, మావి ఒక టార్పాలిన్ మీద, రమణివి ఒక టార్పాలిన్ మీద. మధ్యాహ్నాలు మబ్బు పట్టేది. గాలివాన వస్తుందేమోనని పదేపదే ఆకాశం చూసేదాన్ని. అత్త గొడుగు వేసుకుని, పొడుగాటి కర్ర పట్టుకుని అక్కడే కూర్చుంది. అన్నం కూడా అక్కడికే పట్టుకురమ్మంది. ఒక్కో పిక్కా ఏరి మచ్చ పడ్డవి పక్కకు తీసేసింది. ఆ పక్కకు తీసినవి ఒక బస్తా దాకా అయ్యాయి. రమణివాటిలో తగ్గినంతా మావాటిలోంచి కలిపింది.

నాలుగోరోజు తిరుపతిరావు మావ వచ్చాడు. కబురు అందకుండా ఉంటుందా? ఆటో వాకిట్లో ఆపి, కాటా దించి, అక్క పక్కన కూర్చున్నాడు. బయటవాళ్లను నమ్ముకుంటే ఇలాగే ఉంటుందనీ, ఎంతైనా సొంతవాళ్లు సొంతవాళ్లేననీ, జరిగింది మర్చిపొమ్మనీ, మొత్తం తానే తీసుకెళ్తాననీ చెప్పాడు. ఎద్దేవా చెయ్యలేదు. ఆ డబ్బుతో మేనల్లుడి ప్రయాణం ఖర్చులు కూడా గడుస్తాయన్నాడు. మా ఆయన మొదటి బస్తా ఎత్తి కాటా మీద పెట్టాడు.

"డెబ్భైమూడున్నర," అన్నాడు మావ. "మూడు తరుగు తీసేత్తే డెబ్భైన్నర."

"తరుగు ఎందుకురా?" అంది అత్త.

ఆయన నవ్వాడు. "ఎందుకేటక్కా, ఎప్పుడూ తీసీదే గదా."

"ఎప్పుడూ నాను నీల్లు సల్లీదాన్ని తమ్ముడూ. ఈసారి సల్లనేదు. సెయ్యెట్టి సూడు."

వాళ్లిద్దరి మధ్యా నలభై ఏళ్లుగా నడిచిన సంగతి, నలభై ఏళ్లలో ఒక్కసారీ నోటికి రాని సంగతి, అలా వాకిట్లో పడింది. ఆయన నవ్వు ఆగిపోయింది. చేయి పెట్టాడు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపాడు. గలగలమన్నాయి. ఆ గుప్పెడు తిరిగి బస్తాలో వేశాడు.

"నీ కాడ తరుగు మానేత్తే రేపు నాలుగూల్లూ అడుగుతాయక్కా. అందరికీ మానేత్తే నాకేటి మిగుల్తాది?" అన్నాడు. ఆ గొంతులో దొంగతనం లేదు.

అత్త ఆలోచించింది. "నిజమేరా," అంది. కాటా వైపు చూపించింది. "అయితే దించీ."

ఆయన కదల్లేదు. మా ఆయన కదిలాడు. తల్లి తన తమ్ముడికి ఒక మాట కాదనడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బస్తా రెండు చేతులా పట్టుకుని కాటా మీంచి కిందకు దించి, చెవులు లోపలికి మడిచాడు. నేను లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి మావకిచ్చాను. తాగాడు. గుమ్మం దాటేటప్పుడు నా పక్కన ఆగాడు.

"మా అక్కకి ఏటి నేర్పినావే?"

"నాను నేర్పనేదు మావా. ముందే నేర్పుంటే ఇంత గొడవే నేకపోను," అన్నాను.

కాపు చివర్లో ఏరిన పిక్కలతో రెండో లోడుకి ఫ్యాక్టరీ ఒప్పుకున్న కబురు ఆ పైవారం వచ్చింది. ఈసారి షెడ్డులో మీటింగు పెడితే నేను వెనక కూర్చున్నాను. రమణి లేచి ఒక కట్టుబాటు అడిగింది. ఎవరి బస్తాలు వాళ్లు చూసుకోవడం కాదు, లారీ ఎక్కేముందు ప్రతి ఇంటి బస్తాలోనూ ఇంకో ఇంటి మనిషి చేయి పడాలి, మీటరు పెట్టేవాళ్ల ఇంటితో సహా. నా వైపు చూడకుండానే అంది. అందరికంటే ముందు మా అత్త సరేనంది.

లారీ మే ఇరవయ్యెనిమిదిన వచ్చింది. విశాఖలో ఓడ బయల్దేరేదీ అదే రోజు. బ్యాగు మూడు వారాలుగా మంచం కింద ఉంది. ముందురోజు సాయంత్రం దాకా ఆయన ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున్న లేచి చూస్తే తువ్వాలు తలకు చుట్టుకుని షెడ్డుకి బయల్దేరుతున్నాడు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. పావని కూడా వస్తానంటే భుజాన వేసుకున్నాడు.

ఎవరి బస్తాలు ఎవరు చూడాలో చీటీలు వేస్తే, మా ఇంటి బస్తాలకు రమణి పేరు వచ్చింది. మా ఆయన మొదటి బస్తా మూతి విప్పి పట్టుకున్నాడు. అత్త చెంబు లేకుండా, ఉత్త చేతులతో పక్కన నిలబడింది. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఆ చెంబు నా చేతికిచ్చి లోపల పెట్టేసిరమ్మంది. రమణి గాజులు పైకి తోసుకుని, చేయి మోచేతి దాకా దించి, కదపకుండా ఉంచింది. ఎండిన బస్తాకి అంతసేపు అక్కర్లేదు. లారీవాడు హారన్ కొట్టాడు. ఆమె తొందరపడలేదు. తర్వాత తలెత్తి, అత్తవైపు కాదు, మా ఆయనవైపు కాదు, నా కళ్లలోకి చూసింది.

"వేడి నేదక్కా," అంది. "ఎక్కించుకోండి."